మీ ప్రశ్నలు: ఈసారి అన్నీ ఒకే మాంగా గురించి

పోయిన సంచికలో ఒకరు "పెళ్ళి కుదిరాక మొదలయ్యే ప్రేమకథ ఏదైనా చెప్పండి" అని అడిగితే, మాటవరసకి 'ఆయ్ యోరి ఆవోషి' అనే జపనీస్ మాంగా, అంటే బొమ్మల కథ, పేరు చెప్పి ఊరుకున్నాను. ఊరుకున్నాననుకున్నాను. ఈ శీర్షిక మొదలెట్టాక దేనికీ రానన్ని ఉత్తరాలు ఆ ఒక్క ముక్కకి వచ్చాయి. చదివినవాళ్ళు తిట్టారు, చదవనివాళ్ళు అనుమానంగా అడిగారు, ఒకావిడైతే "మీ వయసేంటి, మీరు చదివే ఆ బొమ్మల పుస్తకాలేంటి" అని నిలదీశారు. సరే, మిగతా ప్రశ్నలు వచ్చే నెలకి వాయిదా. ఈ నెలంతా దీనికే.

ప్రశ్న: ఇది 'హారెం మాంగా' అట, పైగా పెద్దల పత్రికలో వచ్చిందట. అంటే బూతు పుస్తకమేనా? మొహమాటం లేకుండా చెప్పండి. (ఒక ప్రైవేటు ఉద్యోగి, రాజమహేంద్రవరం)

బూతు పుస్తకం కాదండీ. అలాగని హాల్లో టీపాయ్ మీద పెట్టి చుట్టాలకి చూపించేదీ కాదు.

జపాన్‌లో మాంగా పత్రికల్ని చదివేవాళ్ళని బట్టి విడదీస్తారు. స్కూలు వయసు అబ్బాయిలకి షోనెన్, అమ్మాయిలకి షోజో, కాలేజీకొచ్చిన, ఉద్యోగాల్లో చేరిన మగవాళ్ళకి సెయినెన్. మీరు విన్న 'పెద్దల పత్రిక' ఈ సెయినెన్. కోవ్ ఫుమిజుకి గీసి రాసిన ఈ కథ 'యంగ్ ఏనిమల్' అనే పత్రికలో 1998లో మొదలై 2005 దాకా నడిచింది, పుస్తకాలుగా 17 సంపుటాలు. ఆ పత్రిక నెలకి రెండుసార్లు వస్తుంది. కత్తులూ నెత్తురూ భూతాలతో పేరు మోసిన 'బెర్సెర్క్' వచ్చిందీ అందులోనే. ఒక పేజీలో రాక్షసుణ్ణి నరుకుతుంటే నాలుగు కథల తర్వాత కిమోనో కట్టుకున్న అమ్మాయి పులుసు కాస్తూ ఉంటుందన్నమాట, ఆ పత్రిక సంగతి అది.

ఇక హారెం. రాణివాసం అనుకుని చదివితే నిరాశపడతారు. ఒక అబ్బాయి ఉంటాడు, సాదాసీదాగా, కొంచెం మెతగ్గా. ఏదో వంకన నలుగురైదుగురు అమ్మాయిలు అతని చుట్టూ చేరతారు, చాలాసార్లు ఒకే ఇంట్లో అద్దెకి. అందరికీ అతనంటే ఇష్టం, అతనికి మాత్రం ఎవరితోనూ ఏమీ తేల్చుకోవడం చేతకాదు. ఈ తంతుకి మాంగా లోకం పెట్టుకున్న పేరు హారెం. 1998లోనే మొదలైన 'లవ్ హీనా' కూడా ఇలా ఒక ఇంటి చుట్టూ తిరిగే కథే, కానీ అది షోనెన్ పత్రికలో వచ్చింది, గోల ఎక్కువ. ఆయ్ యోరి ఆవోషిలో నగ్నత్వం ఉంది, స్నానాల గది దృశ్యాలు ఉన్నాయి, అవి కథకి అవసరమా అంటే చాలాచోట్ల కాదు. కానీ కథ నడిచేది వాటి మీద కాదు.

ప్రశ్న: మీరు మెచ్చుకున్నారు కదా అని పదో సంపుటం దొరికితే చదివాను. ఏముందండీ ఇందులో? అందరూ బీచికి వెళ్ళడం, ఒకరి మీద ఒకరు పడటం. మీకేం నచ్చింది? (బీటెక్ విద్యార్థి, వరంగల్)

తప్పు నాదే, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పలేదు. పదో సంపుటంతో మొదలుపెట్టడమంటే పెళ్ళికి వెళ్ళి తాళి కట్టే ముహూర్తం వదిలేసి మూడో బంతి భోజనానికి కూర్చోవడమే. నేనూ అలాంటి వాడినే లెండి. ఆబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంట్ మీద నాకు ముందు దొరికినవి మూడు, ఏడు. మధ్యలో ఏం జరిగిందో తెలియక రెండేళ్ళు గడిపాను. మొదటి సంపుటం తర్వాతెప్పుడో చేతికొచ్చింది, అప్పుడు తెలిసింది దీని అసలు బలం.

మొదలు ఇలా ఉంటుంది. హనాబిషి కవోరు అని లా చదివే కుర్రాడు, టోక్యోలో చిన్న గదిలో ఒంటరిగా ఉంటాడు. రైల్వే స్టేషన్లో కిమోనో కట్టుకున్న అమ్మాయి చెప్పు తెగి నిలబడి ఉంటుంది. జనం పక్కనుంచి పోతూ ఉంటారు. ఇతను తన చేతిరుమాలుతో ఆ చెప్పు కట్టిపెడతాడు. ఆ అమ్మాయి సకురబా ఆవోయి. ఆమె దగ్గరున్న అడ్రసు పట్టుకుని వెతుక్కుంటూ వెళ్తే అక్కడ ఖాళీ స్థలం. పాపం అని తన గదికి తీసుకొస్తాడు. ఎవరి కోసం వచ్చారు అని అడిగితే ఇద్దరు చిన్నపిల్లలున్న పాత ఫోటో చూపిస్తుంది. అందులో పిల్లాడు ఇతనే. చిన్నప్పుడే పెద్దవాళ్ళు అనుకున్న సంబంధం, ఆమె ఆ పిల్లాడినే తలుచుకుంటూ పెరిగింది, ఇప్పుడు పెళ్ళి చేసుకుందామని వచ్చేసింది.

ఇంతవరకు వింటే మనకి కొత్తేం లేదు. బావా మరదళ్ళ కథలు, పుట్టగానే అనుకున్న సంబంధాలు మన ఇళ్ళలో బోలెడు. కానీ ఇక్కడో మెలిక ఉంది. ఆ సంబంధం అప్పటికే రద్దయింది. కవోరు తండ్రి ధనవంతుల వారసుడు, కానీ తల్లితో పెళ్ళి కాలేదు. తండ్రి పోయాక తాత ఈ పిల్లాణ్ణి వారసుడిగా తయారుచేస్తానని తెచ్చుకుని, వీపు మీద మచ్చలు మిగిలేలా కొట్టి పెంచాడు, తల్లి గుర్తుగా ఉన్న వస్తువుల్ని కాల్చేశాడు. కుర్రాడు ఆస్తి వద్దు, మీరూ వద్దు అని ఇల్లు వదిలి వచ్చేశాడు. వారసుడే లేనప్పుడు సంబంధం దేనికి అని సకురబా వాళ్ళూ తెంచుకున్నారు. వాళ్ళది బట్టల కొట్టుతో మొదలై పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్ దాకా ఎదిగిన కుటుంబం, లెక్కలు వాళ్ళవి. అంటే ఈ అమ్మాయి కుదిర్చిన పెళ్ళి చేసుకోవడానికి, కుదిర్చినవాళ్ళనే ఎదిరించి ఇంట్లోంచి వచ్చేసింది. పెద్దల మాట వినడమూ, కాదనడమూ రెండూ ఒకే పనిలో ఉన్నాయి. నాకు ఈ కథ మీద గౌరవం ఏర్పడింది అక్కడే.

రెండో సంగతి, హారెం కథలన్నీ 'చివరికి ఎవరు?' అనే ప్రశ్న మీద బతుకుతాయి. అభిమానులు పార్టీలు కట్టి కొట్టుకుంటారు. ఫుమిజుకి ఆ ప్రశ్నకి మొదటి అధ్యాయాల్లోనే జవాబు చెప్పేశాడు. ఆవోయి. అంతే, అనుమానం లేదు. మరి 17 సంపుటాలు ఎందుకు? ఇద్దరి ప్రేమ బయటపడితే కుటుంబం పరువు పోతుందని, ఆమెని చిన్నప్పటినుంచి చూసుకున్న మియాబి అనే ఆవిడ ఒక ఏర్పాటు చేస్తుంది. పాత బంగళా ఒకటి తీసుకుని అందులో ఆవోయి, మియాబి ఉంటారు, పక్కనే పనివాళ్ళ కోసం కట్టిన చిన్న ఇంట్లో కవోరు. పైకి ఆవోయి ఇంటి ఓనరు, అతను అద్దెకున్నవాడు. తర్వాత ఒక్కొక్కరుగా వేరే అమ్మాయిలు అద్దెకి దిగుతుంటే ఈ గుట్టు కాపాడుకోవడమే కథ అయిపోతుంది.

ఆలోచించండి, ప్రేమించుకున్న ఇద్దరు ఒకే ఆవరణలో నలుగురి ముందు పరాయివాళ్ళలా ఉండాలి. అతనికి నచ్చిన కూర కాస్త ఎక్కువ వడ్డించాలన్నా అందరికీ ఎక్కువ వడ్డించాలి. ఉమ్మడి కుటుంబంలో కొత్తగా పెళ్ళయిన జంటకి ఇది తెలుసు. వంటింటి గుమ్మం దగ్గర అరనిమిషం మాట, మేడ మీద బట్టలు ఆరేసే వంక, ఆ అవస్థంతా ఇందులో ఉంది. ఆమె అతన్ని 'కవోరు సామా' అని పిలుస్తుంది, 'గారు' కంటే ఒక మెట్టు పైన, మన అమ్మమ్మలు తాతయ్యల్ని పేరుపెట్టకుండా పిలిచే తీరు గుర్తొచ్చేలా.

బొమ్మ కూడా మంచిదే. కిమోనో మీది పూలు, వాన పడుతున్న పెరడు, టీ కప్పు మీద ఆవిరి, వీటికి తీరిగ్గా పేజీలు ఇస్తాడు. పేరులో ఉన్న మాటకొస్తే, 'ఆయ్ యోరి ఆవోషి' అంటే నీలిమొక్క కంటే నీలం అని. నీలిమొక్క నుంచి తీసిన నీలం ఆ మొక్క కంటే నీలంగా ఉంటుందని చైనా తత్వవేత్త షున్‌జి రాసిన వాక్యం, జపాన్‌లో అది సామెత అయింది. అసలు అర్థం గురువుని మించిన శిష్యుడని. ఫుమిజుకి దాన్ని తీసుకుని ప్రేమకి తగిలించాడు, ఆవోయి పేరులో నీలం ధ్వని ఉంది కాబట్టి. మన కడపవైపు కూడా ఒకప్పుడు నీలిమందు బాగా పండేది, కానీ మనవాళ్ళెవరూ దాంతో ప్రేమకథ రాసినట్టు లేదు.

ప్రశ్న: నేను పూర్తిగా చదివాను. ఆవోయికి వండటం, వడ్డించడం, అతని కోసం ఎదురుచూడటం తప్ప ఇంకో బతుకు లేదు. దీన్ని మీరు గొప్ప ప్రేమ అంటున్నారా? నాకైతే ఒళ్ళు మండింది. (లెక్చరరు, ఖమ్మం)

మండాల్సిందే, మీ కోపంతో నాకు పేచీ లేదు. ఇంట్లోంచి అంత తెగించి వచ్చిన పిల్ల, వచ్చాక చేసే పనులు చూస్తే ఆ తెగింపు ఏమైందనిపిస్తుంది. ఆమెకి సొంత స్నేహితురాలు లేదు, ఏం చదవాలి ఏం చేయాలి అన్న తపన లేదు, కవోరు కాలేజీకి వెళ్ళాక పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఆమె ఏం ఆలోచిస్తుందో పుస్తకం పెద్దగా పట్టించుకోదు. సెయినెన్ పత్రిక చదివే అలసిపోయిన మగ ఉద్యోగికి ఇంటికొచ్చేసరికి ఇలాంటి అమ్మాయి ఎదురొస్తే ఎంత బావుండు అన్న కల అది. రాసినవాడికి తెలుసు, పత్రికకి తెలుసు, కొనేవాడికీ తెలుసు. ఆ కలకి చీర కట్టినా కిమోనో కట్టినా ఒకటే.

ఒక్క మాట మాత్రం ఆమె తరఫున. ఆమె మెతకదనం వేరు, మొండితనం వేరు, పుస్తకం బాగున్నచోట ఈ రెండూ కలిసి ఉంటాయి. తలవంచుకునే మాట్లాడుతుంది, తను అనుకున్నది మాత్రం వదలదు. మా మేనత్త ఒకావిడ ఇలాగే ఉండేది, జీవితంలో గొంతు పెంచి ఎరగదు, ఆవిడ వద్దన్న పని ఆ ఇంట్లో ఒక్కటి జరగలేదు. ఫుమిజుకి ఆ మనిషిని అప్పుడప్పుడు చూశాడు, మిగతా సమయంలో బొమ్మలా నిలబెట్టేశాడు.

నాకు దీనికంటే పెద్ద లోపంగా కనిపించేవి వేరే ఉన్నాయి. జవాబు ముందే చెప్పేయడం బలమన్నాను కదా, దాని దెబ్బ కూడా అక్కడే తగిలింది. ఎవరు గెలుస్తారో తెలిసిపోయాక, మిగతా అమ్మాయిలకి కథలో పనేంటి? వాళ్ళని ఉంచాలి, లేకపోతే హారెం కాదు, పత్రికవాడు ఊరుకోడు. అందుకని పని కల్పించారు. ఇంటిపనికి చేరిన తయెకో నడిస్తే జారుతుంది, జారితే ఏదో ఒకటి పగులుతుంది, లేకపోతే కవోరు మీద పడుతుంది. మొదటిసారి నవ్వొస్తుంది. పదోసారి ఆ పింగాణీ కప్పుల ఖర్చు ఎవరు భరిస్తున్నారా అని ఆలోచిస్తాం. సముద్రం ఒడ్డు, వేడినీటి బుగ్గ, జ్వరం, పండగ, మళ్ళీ సముద్రం. వరంగల్ అబ్బాయికి దొరికింది ఆ భాగమే.

గుట్టు విషయానికొస్తే ఇంకా ఇబ్బంది. మొదట్లో అది ఇద్దరికీ శిక్షలా ఉంటుంది, చదివేవాళ్ళు జాలిపడతారు. ఏళ్ళు గడిచేకొద్దీ అది ఆ ఇంట్లో ఉన్న తక్కినవాళ్ళకి జరుగుతున్న మోసం అవుతుంది. తమకి అవకాశమే లేదని తెలియక వాళ్ళు మనసు పెట్టుకుంటున్నారు, ఈ ఇద్దరూ చూస్తూ ఊరుకుంటున్నారు. దీని గురించి కవోరు గట్టిగా సిగ్గుపడిన సందర్భాలు నాకు సరిపోలేదు. మంచివాడు, మంచివాడు అని అందరూ అంటుంటారు. మంచివాడైతే నోరు విప్పొచ్చుగా!

ఇక నేను అసలు సమర్థించనిది ఒకటుంది. తర్వాత తయెకో చుట్టాలమ్మాయి చికా అని స్కూలు పిల్ల ఆ ఇంటికి వస్తుంది, మాయు అని ఇంకో చిన్నమ్మాయి కూడా కథలోకి వస్తుంది. పెద్దవాళ్ళ మధ్య నడవాల్సిన ఆ జారిపడే జోకుల్లోకి, స్నానాల దృశ్యాల్లోకి ఈ పిల్లల్ని కూడా లాగారు. అప్పట్లో అందరూ అలాగే గీసేవారు అనే వాదన వింటాను, ఒప్పుకోను. పెద్దల కథ అన్నప్పుడు పెద్దవాళ్ళతోనే నడపాలి. ఆ పేజీలు లేకపోతే ఈ పుస్తకానికి పోయేది ఏమీ లేదు, పరువు పెరిగేది.

ప్రశ్న: టీనాకి అన్యాయం జరిగింది. ఒప్పుకుంటారా లేదా? (పేరు వద్దు, విజయవాడ)

ఒప్పుకుంటాను.

తెలియనివాళ్ళకి: టీనా ఫోస్టర్ అమెరికన్ అమ్మాయి, జపాన్‌లోనే హకటావైపు పెరిగింది, కాలేజీలో కవోరు ఉన్న ఫోటోగ్రఫీ క్లబ్బులోనే ఉంటుంది. బంగారు జుట్టుతో ఉండి హకటా యాస దంచుతుంది. న్యూజెర్సీ నుంచి వచ్చిన తెల్లమ్మాయి నోరు తెరిచి అచ్చం శ్రీకాకుళం మాట మాట్లాడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. అనువాదంలో ఆ రుచి ఎలాగూ సగం పోతుంది. తాగుతుంది, అల్లరి చేస్తుంది, ఫెరెట్ అని ముంగిసలాంటి జంతువుని పెంచుతుంది. పక్కమ్మాయిల్ని పలకరింపు పేరుతో తడిమే అలవాటు ఆమెకి తగిలించారు, అది నవ్వు తెప్పించాలని పెట్టిందే కానీ నాకు చిరాకు తెప్పించింది.

కానీ ఇంట్లో అద్దెకున్నవాళ్ళలో నిజమైన మనిషి ఈమే. ఇక్కడివాళ్ళకి పరదేశి, అక్కడికి వెళ్తే అక్కడా పరదేశి, ఆ ఒంటరితనం మీద జోకుల దుప్పటి కప్పుకుని తిరుగుతుంది. డల్లాస్‌లోనో డబ్లిన్‌లోనో పెరిగి సెలవులకి ఇక్కడికొచ్చే మన పిల్లలకి ఈ పాత్ర వెంటనే అర్థమవుతుంది. ఆమె ప్రేమ చెప్పుకోలేని ప్రేమ, ఆవోయిది చెప్పకూడని ప్రేమ, రెండూ ఒకే భోజనాల బల్ల దగ్గర కూర్చుంటాయి. ఫుమిజుకి ఆ బల్ల దగ్గరే ఇంకాసేపు ఉండి ఉంటే బావుండేది, లేచి బీచికి వెళ్ళిపోయాడు.

ప్రశ్న: జపాన్ వాళ్ళని అంటారు గానీ మన సినిమాల్లో హీరోకి ఇద్దరు హీరోయిన్లు ఉండరా? తేడా ఏముంది? (ఆర్టీసీ రిటైర్డ్ ఉద్యోగి, అనంతపురం)

బావుందండీ ఈ ప్రశ్న. ఇద్దరు భామల మధ్య నలిగిపోయే పాత్రలకి శోభన్‌బాబు గారు పెట్టింది పేరు, మా అమ్మ తరానికి అదొక ప్రత్యేకమైన జాతి సినిమా. కానీ చూడండి, అక్కడ కష్టం పెళ్ళి తర్వాతది. తాళి, పిల్లలు, ఊరు ఏమంటుంది, ఎవరు త్యాగం చేస్తారు. ఏడుపు ఉంటుంది, చివర్లో ఎవరో ఒకరు తప్పుకోవాలి లేదా చచ్చిపోవాలి. మూడు గంటల్లో తేలిపోవాలి కదా మరి.

హారెం మాంగాలో ఎవరూ చావరు, ఎవరూ తప్పుకోరు, ఎందుకంటే వచ్చే సంచికకి వాళ్ళు కావాలి. పోలిక పెట్టాలంటే మన సాయంత్రం టీవీ సీరియళ్ళతో పెట్టాలి. హీరోయిన్ నిజం చెప్పబోతుంది, ఫోను మోగుతుంది. కవోరు మనసులో మాట చెప్పబోతాడు, తయెకో జారిపడుతుంది. మా ఇంట్లో సీరియల్ చూస్తూ విసుక్కునే మనిషే నా చేతిలో ఈ పుస్తకం చూసి "అదేం పిచ్చి" అంటే ఏం చెప్పను?

ప్రశ్న: 'రెంట్ ఎ గర్ల్‌ఫ్రెండ్' చూస్తున్నాను, మా అన్నయ్య 'మేజోన్ ఇక్కోకు' గొప్పదంటాడు, మీరు ఇంకోటి అంటున్నారు. ఒక్కటే చదవడానికి టైం ఉంది. ఏది? (సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, హైదరాబాద్)

మీ అన్నయ్య మాట వినండి. నేను ఇంతసేపు చెప్పిందంతా పక్కన పెట్టినా సరే.

మేజోన్ ఇక్కోకు రుమికో తకహాషి గీసింది, 'బిగ్ కామిక్ స్పిరిట్స్'లో 1980 నుంచి 1987 దాకా వచ్చింది, 15 సంపుటాలు. దాన్ని హారెం అనడం కష్టం, ఎందుకంటే హీరోయిన్ చుట్టూ కూడా మగవాళ్ళున్నారు. కానీ ఒక పాత ఇల్లు, అద్దెకున్నవాళ్ళు, ఒక మెతక కుర్రాడు, చెప్పలేని ప్రేమ, వీటన్నింటికీ పెద్దబాలశిక్ష అదే. గొదాయి అనే కుర్రాడు యూనివర్సిటీ ఎంట్రన్సు తప్పి మళ్ళీ చదువుతుంటాడు. ఆ ఇంటికి కొత్తగా మేనేజరుగా వచ్చిన క్యోకో అతనికంటే కొంచెం పెద్దది, అప్పటికే భర్త పోయినావిడ, పెంచే కుక్కని పోయిన భర్త పేరుతో పిలుస్తుంది. పక్కగది యోత్సుయా గోడకి కన్నం పెట్టి ఇతని గదిలోకి దూరుతుంటాడు, అద్దెకున్నవాళ్ళంతా ఇతని గదినే తాగుడుకి అడ్డా చేసుకుంటారు.

అందులో కాలం నడుస్తుంది, దాని గొప్పంతా అదే. పత్రిక బయట ఏడేళ్ళు గడిస్తే కథలోనూ గడుస్తాయి. గొదాయి సీటు తెచ్చుకుంటాడు, డిగ్రీ అవుతుంది, ఉద్యోగం దొరక్క తిరుగుతాడు, క్యాబరేలో పనిచేసేవాళ్ళ పిల్లల్ని చూసుకుంటాడు, చివరికి పసిపిల్లల బడిలో పని నేర్చుకుంటాడు. అతని తటపటాయింపుకి కారణం డబ్బు లేకపోవడం, పోయిన మనిషితో పోటీపడలేకపోవడం. తటపటాయించడంలో అర్థం ఉంది కాబట్టి మనం ఓపిక పడతాం. ఆ ఇల్లున్న పేట పేరు తోకెయిజకా, అంటే గడియారం కొండ, అసలు 'ఇక్కోకు' అన్నా కాలంలో ఒక చిన్న ముక్క అనే అర్థం ఉంది. తకహాషి గారు ఊరికే పెట్టి ఉండరు.

రెంట్ ఎ గర్ల్‌ఫ్రెండ్ సంగతి. రెయిజి మియాజిమా గీస్తున్నది, 'వీక్లీ షోనెన్ మ్యాగజైన్'లో 2017లో మొదలైంది, మూడొందల అధ్యాయాలు ఎప్పుడో దాటింది. పేరుకి షోనెన్ పత్రిక, మనుషులు మాత్రం కాలేజీవాళ్ళు. గర్ల్‌ఫ్రెండ్ మమి వదిలేసిందని ఏడుస్తూ కజుయా అనే కుర్రాడు ఒక యాప్‌లో డబ్బు కట్టి, అద్దెకి గర్ల్‌ఫ్రెండ్‌గా వచ్చే చిజురుతో డేటుకి వెళ్తాడు, ఆమె నటన అంతా అబద్ధమని ఒక్క స్టార్ ఇచ్చి తిడతాడు. తర్వాత చూస్తే ఆమె తన కాలేజీ, పైగా పక్క గది. మొదలు చాలా తెలివైనది. డబ్బుకి అమ్మే ఆప్యాయత ఎంత నిజం అనే ప్రశ్న ఉంది, చిజురు అమ్మమ్మ కోసం అందరూ చందాలు పోగేసి సినిమా తీసే భాగం అయితే నన్ను ఏడిపించింది, సిగ్గులేకుండా చెప్తున్నాను. ఆ తర్వాత? వారం వారం ఇరవై పేజీలు నింపాలి, పాపులర్ కథని పత్రిక ఆపనివ్వదు, కాబట్టి కజుయా మనసులో మాట్లాడుకుంటాడు, మళ్ళీ మాట్లాడుకుంటాడు. ఒక నిర్ణయం తీసుకోవడానికి పదేసి అధ్యాయాలు. మీరు చూస్తున్నది యానిమే, అంటే కదిలే బొమ్మల సీరియల్, కాబట్టి ఇంకా హాయిగా ఉన్నారు.

నా పుస్తకం ఈ రెండింటి మధ్యలో కూర్చుంటుంది. ఆ ఇంట్లో కవోరు చదువు సాగుతుంది, ఋతువులు మారతాయి, పెద్దవాళ్ళ పాత లెక్కలు చివర్లో తేల్చుకోవాల్సి వస్తుంది, పెళ్ళి దాకా వెళ్ళి ముగుస్తుంది. ముగింపు ఉన్న హారెం కథ అంటేనే కొంచెం అరుదు, దానికి నేను మార్కులు వేస్తాను. మధ్యలో గడియారం ఆగిపోయిన సంపుటాలకి తీసేస్తాను.

ప్రశ్న: యానిమే చూస్తే సరిపోదా? (ఇంజినీరింగ్ విద్యార్థి, తిరుపతి)

మొదటిది చూడండి, 2002లో జేసీ స్టాఫ్ అనే స్టూడియో తీసిన 24 ఎపిసోడ్లు. మాంగాలో మంచి భాగం చాలావరకు అందులో ఉంది, సంగీతం నెమ్మదిగా బావుంటుంది. 2003లో 'ఎనిషి' పేరుతో వచ్చిన 12 ఎపిసోడ్లు పండగలు, పిక్నిక్కులు. పెళ్ళి అందులో లేదు, దానికి పుస్తకమే గతి.

ప్రశ్న: మావాడు ఇంటర్. ఫోనులో ఈ హారెం మాంగాలు చదువుతున్నాడు. లాక్కోవాలా, ఊరుకోవాలా? చాలా టెన్షన్‌గా ఉంది. (గృహిణి, నెల్లూరు)

అమ్మా, ముందు అతను చదివేది ఏదో చూడండి, ఎందుకంటే హారెం అన్న ఒక్క పేరు కింద అమాయకంగా నవ్వించేవాటి నుంచి పచ్చిగా ఉండేవాటి దాకా అన్నీ ఉన్నాయి. 'వరల్డ్స్ ఎండ్ హారెం' అని ఒకటుంది, వైరస్‌తో మగవాళ్ళు దాదాపు అందరూ పోయాక మిగిలిన నలుగురైదుగురి కథ. అది ఇంటర్ కుర్రాడి చేతిలో ఉండాల్సింది కాదు. ఆయ్ యోరి ఆవోషి అంత పచ్చిగా ఉండదు గానీ అదీ పెద్దల పత్రికలో వచ్చిందే, నేనైతే డిగ్రీకి వచ్చేదాకా ఇవ్వను. బొమ్మలున్నాయి కదా అని పిల్లలదనుకోవడం మన ఇళ్ళలో జరిగే పొరపాటు, 2025లో 'డీమన్ స్లేయర్' అనే జపనీస్ యానిమే సినిమా తెలుగు మాటలతో థియేటర్లకొస్తే నెత్తురు చూసి కంగారుపడి మధ్యలో లేచొచ్చిన తల్లిదండ్రుల్ని నేనే చూశాను.

లాక్కుంటే ఇంకో ఫోనులో చదువుతాడు, ఆ సంగతి మీకూ తెలుసు. అరిచే బదులు ఒక ప్రశ్న అడగండి: "ఇందులో ఆ అమ్మాయిలంతా ఆ అబ్బాయిని ఎందుకు ఇష్టపడుతున్నారురా?" అని. చాలా హారెం కథలకి ఆ ప్రశ్నకి జవాబు లేదు, వాడు కాసేపు నీళ్ళు నములుతాడు. నమలనివ్వండి. నిజం అమ్మాయిలు అలా చెప్పు తెగి స్టేషన్లో ఎదురుచూడరని మీరు లెక్చర్ ఇవ్వక్కర్లేదు, కాలేజీకి వెళ్ళిన వారానికి వాడికే తెలుస్తుంది.

ప్రశ్న: సరే, చదువుతాను. 17 సంపుటాలూ చదవాలా? ఎక్కడ దొరుకుతాయి? (బ్యాంకు ఉద్యోగి, విశాఖపట్నం)

ఇంగ్లీషులో తోక్యోపాప్ వేసింది, వాళ్ళు 2011లో అమెరికాలో పుస్తకాలు వేయడం ఆపేశాక సెట్లు సెకండ్‌హ్యాండులోనే దొరుకుతున్నాయి, అదీ చిల్లరగా. మొదటిసారి మాంగా అయితే కుడివైపు నుంచి తిప్పాలి, మర్చిపోయి వెనక నుంచి మొదలెడితే పెళ్ళి ముందే చూసేస్తారు, అయినా ఇందులో దానివల్ల నష్టమేం లేదు. మొదట్లో ఇద్దరే ఉన్న భాగం, టీనా, తయెకో దిగే భాగం, అంతవరకు నిదానంగా చదవండి. మధ్యలో ఎవరైనా "ఈసారి సముద్రానికి వెళ్దాం" అంటే పేజీలు గబగబా తిప్పేయండి, నాకేం అభ్యంతరం లేదు. టీనా కనపడినచోట ఆగండి. చివరి రెండు సంపుటాలు వదలకండి. మీకు నాలుగోది గనక అదనంగా దొరికితే నాకు రాయండి, నా దగ్గర ఇప్పటికీ అదొక్కటే లేదు.